కుడిచేతి వైపే గోదావరి: రాజమహేంద్రవరం నుంచి కొవ్వూరుకు గట్టు వెంట నడక

రాజమహేంద్రవరంలో రేవు మెట్ల మీద నిలబడితే ఆవలి ఒడ్డున కొవ్వూరు కనిపిస్తూనే ఉంటుంది. వంతెన మీద రైలు నిమిషాల్లో అక్కడికి చేరుస్తుంది. నేను చెప్పబోయేది ఆ అడ్డదారి కాదు. తూర్పు గట్టు వెంట దక్షిణంగా ధవళేశ్వరం దాకా నడిచి, బ్యారేజీ మీదుగా పడమటికి ఏరు దాటి, విజ్జేశ్వరం దగ్గర అవతలి గట్టు ఎక్కి, అక్కడి నుంచి ఉత్తరంగా కొవ్వూరు చేరే చుట్టుదారి. మొత్తం 22, 23 కిలోమీటర్లు ఉంటుంది. నడక అలవాటున్నవారికి తెల్లవారుజామున మొదలుపెడితే సాయంత్రానికి పూర్తవుతుంది.

దారి తప్పకుండా ఉండటానికి పటం కంటే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోదావరి మీ కుడిచేతి వైపే ఉండాలి. తూర్పు గట్టున దక్షిణానికి నడిచేటప్పుడు నది కుడివైపు. బ్యారేజీ మీద పడమటికి నడిచేటప్పుడు నిండుగా నిలిచిన ఎగువ నీరు కుడివైపు. పడమటి గట్టున ఉత్తరానికి తిరిగాక మళ్లీ నది కుడివైపే. గుడి చుట్టూ తిరిగేటప్పుడు దేవుడిని ఏ వైపు ఉంచుకుంటామో ఇక్కడ నీటిని ఆ వైపు ఉంచుకుంటాం. ఇది ప్రదక్షిణమే. పైగా మనం చుట్టివచ్చేది మామూలు నీరు కాదు. త్ర్యంబకం దగ్గర పుట్టి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు సాగే నది, ఒకే నదిగా ఉండే చివరి భాగం ఇది. దీన్ని అఖండ గోదావరి అంటారు. బ్యారేజీ దిగువన అది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిపోతుంది. అందుకే ఈ దారిని ఎదురు దిక్కున, అంటే కొవ్వూరు నుంచి మొదలుపెట్టి నడవమని నేను ఎవరికీ చెప్పను. రోడ్డు భద్రత రీత్యా కూడా ఇదే మంచిది. కాలిబాట లేని చోట రోడ్డుకు కుడి అంచున నడిస్తే ఎదురుగా వచ్చే బండి కళ్ల ముందే ఉంటుంది. నది ఉన్న వైపూ అదే.

ముందు కాలం చూసుకోండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఈ నడకకు సరైన రోజులు. పొద్దున్నే ఏటి మీద పొగమంచు ఉంటుంది, ఎండ ముదిరే వేళకు మీరు సగం దారి దాటి ఉంటారు. మార్చి మొదటి వారం వరకూ ఓర్చుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. గట్టు మీద, బ్యారేజీ మీద చెట్టు నీడ తక్కువ, కాంక్రీటు వేడి కింద నుంచి కాలుస్తుంది. నేను మొదటిసారి ఏప్రిల్ రెండో వారంలో బయలుదేరాను. పదకొండు గంటలకు బ్యారేజీ మధ్యలో ఉన్నాను, సీసాలో నీళ్లు అయిపోయాయి. కుడివైపు కనుచూపు మేర నీళ్లు, నాకు మాత్రం నాలుక పిడచకట్టుకుపోయింది. లంకలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా ముఖం చూసి, ఏమీ అడగకుండానే బిందెలోంచి రెండు చెంబులు ముంచి ఇచ్చారు. కూర్చోబెట్టి, ఎండ తగ్గేదాకా కదలవద్దన్నారు. ఆ రోజు అక్కడితో నడక ఆపి ఆటో ఎక్కాను. ఆ రెండు చెంబుల నీళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు.

జులై నుంచి సెప్టెంబరు దాకా వరదకాలం. ఆ రోజుల్లో గోదావరి రంగు మారుతుంది, ఎర్రనీరు దిగుతుంది, చూడటానికి జనం గట్టుకు వస్తారు. చూడండి, కానీ ఈ నడక పెట్టుకోకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేస్తారు. వానాకాలంలో పత్రికల్లో, వార్తల్లో ఈ అంకెలు రోజూ కనిపిస్తాయి. వాటిలో మొదటిది అమల్లో ఉన్నా సరే, ప్రయాణం వాయిదా వేయండి. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి వ్యవధి పడుతుంది కాబట్టి, అక్కడ పెరుగుతోందని విన్నా ఇక్కడ జాగ్రత్త పడాలి. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు. 2022 జులైలో వచ్చిన వరదను చూసినవారెవరూ ఈ మాటను తేలిగ్గా తీసుకోరు.

కార్తీకమాసం సోమవారాలు, పౌర్ణమి, మహాశివరాత్రి రోజుల్లో రేవులు కిక్కిరిసి ఉంటాయి. దీపాల వెలుగు చూడాలనుకుంటే అప్పుడు రండి. నడవాలనుకుంటే ఇంకో రోజు ఎంచుకోండి. 2027లో పుష్కరాలు వస్తాయి. ఆ పన్నెండు రోజులూ ఈ గట్టు యాత్రికులది. 2015 పుష్కరాల మొదటి రోజున పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ప్రాణాలు పోయిన సంగతి తెలుసుకదా. ఆ గుంపులో దూరి నడక సాగించాలనుకోవడం సరికాదు.

సంచిలో ఏముండాలి

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. ఇది తగ్గించకండి. ధవళేశ్వరంలో మళ్లీ నింపుకోవచ్చు, ఆ తర్వాత కొవ్వూరు దాకా నమ్మకంగా దొరుకుతాయని అనుకోకూడదు. టోపీ లేదా తలకు చుట్టుకునే తువ్వాలు, పొడుగు చేతుల నూలు చొక్కా. కొత్త బూట్లు వద్దు, ఇప్పటికే పాదానికి అలవాటైనవి వేసుకోండి. ఒక జత మేజోళ్లు అదనంగా పెట్టుకుంటే మధ్యాహ్నం మార్చుకోవచ్చు. దానివల్ల బొబ్బలు సగం తగ్గుతాయి. బొబ్బ లేచే చోట ముందే అంటించుకోవడానికి గుడ్డపట్టీ, కొద్దిగా దూది, చిల్లర డబ్బులు, పూర్తిగా ఛార్జి చేసిన ఫోను చాలు. తినడానికి పులిహోర పొట్లం కట్టుకుంటే మంచిది. చింతపండు పులుపు వల్ల మధ్యాహ్నం దాకా చెడదు, చేత్తో తిని చేయి కడుక్కుంటే సరి.

ఒక చేతికర్ర కూడా ఉంచుకోండి. గట్టు మీద కుక్కలు కనిపించినప్పుడు దాన్ని ఎత్తనక్కరలేదు, చేతిలో ఉంటే చాలు. పరుగెత్తకుండా, వాటి కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా దాటిపోండి.

ఒంటరిగా నడవడం కంటే ఇద్దరు ముగ్గురు కలిసి నడవడం మేలు. పడమటి గట్టున కొన్ని చోట్ల చాలాసేపు మనిషి కనిపించడు. ఇంట్లో ఎవరికైనా మీ దారి, ఏ వేళకు ఎక్కడ ఉంటారో చెప్పి బయలుదేరండి.

మొదటి అంచె: కోటిలింగాల రేవు నుంచి ధవళేశ్వరం

ఐదున్నరకల్లా కోటిలింగాల రేవులో ఉండండి. ఇది పొడవాటి స్నానఘట్టం, కాళ్లకు తొలి అలవాటు ఇక్కడే మెట్ల మీద చేయించవచ్చు. ఎగువన కనిపించేది రోడ్డు కం రైలు వంతెన, 1974 నుంచి వాడుకలో ఉంది. పైన బస్సులు, కింద రైళ్లు. సాయంత్రం మీరు తిరిగి వచ్చేటప్పుడు ఈ నదిని వంతెన మీదుగానే దాటాలి కాబట్టి ఒకసారి తేరిపార చూసుకోండి. ఇక తల కుడివైపు తిప్పి నీటిని ఒకసారి చూసి, నడక మొదలుపెట్టండి.

కొద్దిసేపట్లోనే పుష్కర ఘాట్, దాని దగ్గరలో మార్కండేయస్వామి ఆలయం వస్తాయి. ఈ వేళలో అక్కడ తర్పణాలు, పిండప్రదానాలు చేసుకునేవారు ఉంటారు. వారి మధ్యలోంచి నడవకండి, మెట్ల పైవరుసకు ఎక్కి దాటండి. ఫోనుతో వారి ఫొటోలు తీయవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. ఎవరింట్లోనో మనిషి పోయిన దుఃఖం అది, మనకు దృశ్యం కాకూడదు. పురోహితులు చెప్పే సంకల్పాన్ని మాత్రం కాస్త చెవిపెట్టి వినండి. ఈ రేవుల్లో కొందరు పురోహితులు కాటన్ దొరను భగీరథుడిగా తలుచుకునే శ్లోకం చెబుతారు. ఒక ఇంగ్లీషు ఇంజనీరు పేరు స్నానసంకల్పంలోకి ఎలా వచ్చిందో ఇంకో రెండు గంటల్లో మీ కాళ్ల కింద తెలుస్తుంది.

పుష్కర ఘాట్ దాటగానే రెండు రైలు వంతెనలు పక్కపక్కనే వస్తాయి. ఒకటి విల్లు వంచినట్టున్న కాంక్రీటు తోరణాల వంతెన, 28 తోరణాలు ఉంటాయి. రెండోది పాత ఇనుప వంతెన, హేవలాక్ వంతెన. 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. ఇప్పుడు దాని మీద రైలు నడవదు, కానీ 56 ఖానాలతో ఇంకా నిలిచే ఉంది. దాని కిందికి వచ్చినప్పుడు ఒక నిమిషం ఆగి స్తంభాల రాతికట్టడం చూడండి. ఇన్ని వరదలను తట్టుకున్న రాయి అది.

అక్కడి నుంచి గట్టు వెంట గౌతమీ ఘాట్ వస్తుంది. ఇస్కాన్ ఆలయం ఇక్కడే ఉంది. మరుగుదొడ్డి అవసరాలు ఇక్కడే తీర్చుకోండి, ముఖ్యంగా ఆడవాళ్లు. ఆ తర్వాత ధవళేశ్వరం దాకా వసతి ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. టీ తాగండి, ఇంకో అరలీటరు నీళ్లు తాగండి. దాహం వేసే దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

గౌతమీ ఘాట్ దాటాక ఊరి సందడి పలచబడుతుంది. ఇక్కడి నుంచి మీరు నడిచేది ఏటిగట్టు. అది రోడ్డూ కాదు, కాలిబాటా కాదు. వరదనీరు ఊళ్లలోకి రాకుండా కట్టిన మట్టికట్ట. దాని మీద నడుస్తుంటే కుడివైపు నది, ఎడమవైపు ఇళ్ల డాబాలు దాదాపు కాళ్ల మట్టంలో కనిపిస్తాయి. వరద రోజుల్లో నీరు ఈ ఇళ్ల నేలకంటే ఎంత ఎత్తున ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది. గట్టుకు గండి పడటం అంటే ఏమిటో ఈ ప్రాంతపు పెద్దవాళ్లకు తెలుసు. 1986 ఆగస్టు వరద గురించి అరవై దాటిన ఎవరినైనా అడగండి, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెబుతారు.

కొన్ని చోట్ల గట్టు దారికి కంచో, కట్టడమో అడ్డు వస్తుంది. అప్పుడు ఎడమవైపు వీధిలోకి దిగి, దక్షిణ దిక్కునే సాగి, దొరికిన మొదటి సందులోంచి మళ్లీ కుడివైపుకు, గట్టు మీదకు రండి. గోడలు దూకవద్దు. వీధిలో ఎవరినైనా అడిగేటప్పుడు ‘ధవళేశ్వరం ఎటు?’ అంటే ఆటో ఎక్కే చోటు చూపిస్తారు. ‘ఏటిగట్టు మీదకు దారి ఎటండీ?’ అని అడగండి.

ఇసుక ర్యాంపుల దగ్గర జాగ్రత్త. లారీలు, ట్రాక్టర్లు ఏటిలోంచి ఇసుకతో గట్టు మీదకు ఎక్కే చోట్లు ఇవి. ఎక్కే బండి డ్రైవరుకు ఆకాశం తప్ప మీరు కనిపించరు. ఆగి, చప్పుడు విని, అప్పుడు దాటండి. ఇంకో మాట, ఇది ఈ వ్యాసంలోకెల్లా ముఖ్యమైనది. స్నానఘట్టం లేని చోట నీటిలోకి దిగకండి. పైకి మోకాలి లోతులా కనిపించే చోట ఇసుక తవ్విన గుంటలు ఉంటాయి. ఒక అడుగు ముందుకు వేస్తే కాలికి నేల అందదు. ఈత వచ్చినవాళ్లు కూడా అందులో పోయారు. పిల్లలు వెంట ఉంటే వారి చేయి వదలకండి.

ధవళేశ్వరంలో ఒక గంట ఆగండి

కోటిలింగాల నుంచి ఇక్కడికి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. తీరిగ్గా నడిచినా తొమ్మిదికల్లా చేరతారు. ఫలహారం ఇక్కడే చేయండి. వెంటనే బ్యారేజీ ఎక్కేయకండి. దాని కథ తెలియకుండా దాటితే అది కూడా ఒక వంతెన మాత్రమే అవుతుంది.

19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ నది ఒక ఏడు పొలాలు ముంచేది, మరో ఏడు నీరందక ఎండబెట్టేది. 1833 నాటి కరువు ఈ జిల్లాలను కుదిపేసింది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టాడు, 1852కు అది పూర్తయింది. ధవళేశ్వరాన్నే ఎంచుకోవడానికి కారణాలు మీరు నిలబడిన చోటు నుంచే కనిపిస్తాయి. నది ఇక్కడ బాగా వెడల్పయి, మధ్యలో లంకలతో పాయలుగా విడిపోతుంది కాబట్టి కట్టాల్సిన కట్టడాన్ని ముక్కలుగా విడగొట్టవచ్చు. పక్కనే కొండ ఉంది కాబట్టి కావలసిన రాయి చేతికందుతుంది. కాటన్‌తో పాటు పనిచేసిన వీణం వీరన్న పేరు కూడా తలుచుకోవాలి. వేలమంది కూలీలను సమకూర్చి పని నడిపించిన తెలుగువాడు ఆయన. మనం దొర విగ్రహానికి దండ వేస్తాం, వీరన్నను మరిచిపోతాం. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

కాటన్ మ్యూజియం బ్యారేజీకి దగ్గరలోనే ఉంది. ఆనకట్ట పనికి వాడిన యంత్రాలు, పరికరాలు అక్కడ చూడవచ్చు. అది తెరిచే వేళకు మీరు వచ్చి ఉంటే అరగంట కేటాయించండి. కాళ్లలో సత్తువ ఉంటే జనార్దనస్వామి కొండ ఎక్కండి. గోదావరి తీరాన ఉన్న నవ జనార్దన క్షేత్రాల్లో ఇది ఒకటి. కొండ మీద నుంచి బ్యారేజీ ఒక గీతలా, లంకలు ఆ గీతకు వేసిన ముడుల్లా కనిపిస్తాయి. మీరు దాటబోయే దారంతా ఒక్క చూపులో అందుతుంది.

నడక ఇక చాలనిపిస్తే ఇక్కడే ఆపవచ్చు. రాజమహేంద్రవరానికి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చినవారికి నేను ఈ మొదటి అంచె వరకే చెబుతాను. ముందుకు వెళ్లాలనుకుంటే మడమలు, వేళ్లు తడిమి చూసుకుని, ఎర్రబడిన చోట గుడ్డపట్టీ అంటించుకుని, సీసాలు నిండా నింపుకుని బయలుదేరండి.

బ్యారేజీ మీద

ఇప్పుడున్న బ్యారేజీ కాటన్ కట్టినది కాదు. పాత ఆనకట్ట వయసు మీరాక దాని స్థానంలో కొత్తది కట్టారు, 1982లో పూర్తయింది. పేరు మాత్రం ఆయనదే. మొత్తం 175 గేట్లు. అవి నాలుగు భాగాలుగా ఉంటాయి, వీటిని ఇక్కడ ఆర్మ్‌లు అంటారు. తూర్పు నుంచి వరసగా ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. వీటి మధ్య పిచ్చికలంక, బొబ్బర్లంక, మద్దూరులంక ఉన్నాయి. ఒడ్డు నుంచి ఒడ్డుకు ఐదారు కిలోమీటర్లు. ఎంత నడిచామో తెలియాలంటే రాళ్లు వెతకనక్కరలేదు, ఎన్ని ఆర్మ్‌లు దాటామో లెక్కపెట్టుకుంటే చాలు.

రోడ్డు ఇరుకు. ఆటోలు, ద్విచక్రవాహనాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఒకరి వెనక ఒకరు నడవండి, పక్కపక్కన వద్దు. రైలింగు మీద కూర్చోవద్దు, దాని మీదకు వంగి ఫొటోలు దిగవద్దు. గేట్లు నడిపే యంత్రాల దగ్గరకు వెళ్లకండి. సిబ్బంది ఆపితే వాదించకుండా వారు చెప్పినట్టు చేయండి.

మొదటి ఆర్మ్ మధ్యలో ఒకసారి ఆగి రెండు వైపులా చూడండి. కుడివైపు చెరువులా నిండిన అఖండ గోదావరి, ఎక్కడో ఉత్తరాన రైలు వంతెనల నీడ. ఎడమవైపు శీతాకాలంలో ఇసుకమేటలు, వాటి మధ్య పాయలు. ఒకే నది, మధ్యలో మీరు నిలబడిన ఒక్క రోడ్డు, ఇంత తేడా. ఎగువన నిలిచిన ఈ నీరే ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకు కాలువలుగా వెళుతుంది. పది లక్షల ఎకరాల పైచిలుకు సాగుకు ఇదే ఆధారం. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. రోడ్లు సరిగా లేని కాలంలో ఈ కాలువల మీద పడవల్లో సరుకులు, మనుషులు కాకినాడ దాకా వెళ్లేవారు. లాకులు అందుకోసం కట్టినవే.

వరద రోజుల్లో సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే పులసకు ఈ గోడే అడ్డు. అందుకే పులస కాలంలో దిగువన పడవలు గుమిగూడతాయి. మీరు వచ్చే చలికాలంలో అవి ఉండవు, కొంగలు ఉంటాయి.

రెండు ఆర్మ్‌లు దాటితే బొబ్బర్లంక. ఇది కోనసీమకు తలవాకిలి. ఎడమకు తిరిగితే గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న కొబ్బరితోటల దేశం మొదలవుతుంది. పూతరేకులకు పేరుపడిన ఆత్రేయపురం ఈ మండల కేంద్రమే. ఆ రేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తినాలని ఉంటే ఒక్కటి తినండి, ఎండలో తీపి ఎక్కువైతే దాహం రెట్టిస్తుంది. పొట్లం కట్టించుకుని సంచిలో పెట్టుకుంటే సాయంత్రానికి నలిగి పొడి అవుతుంది, అది కూడా ఆలోచించుకోండి. భోజనానికి ఆగాల్సింది ఇక్కడే. ఏ చెట్టు నీడనో కూర్చుని పొట్లం విప్పండి, బూట్లు విప్పి పది నిమిషాలు పాదాలకు గాలి తగలనివ్వండి, మేజోళ్లు మార్చుకోండి. విస్తరాకు, ప్లాస్టిక్ సంచి మళ్లీ మీ సంచిలోకే వెళ్లాలి. ఇక్కడ పారేసినది గాలికి ఎగిరి పడేది కోనసీమ తాగే నీటిలోనే.

మిగతా రెండు ఆర్మ్‌లు మౌనంగా దాటిపోతాయి. కాళ్లు బరువెక్కే భాగం ఇదే. అడుగు చిన్నది చేసి, అదే లయలో సాగండి.

పడమటి గట్టు: విజ్జేశ్వరం నుంచి కొవ్వూరు

విజ్జేశ్వరంలో రోడ్డు నేల మీదకు దిగగానే కుడికి, అంటే ఉత్తరానికి తిరగాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పశ్చిమ డెల్టా కాలువ కనిపించగానే అదే నది అనుకుని దాని గట్టు పట్టుకుంటారు. కాలువ దక్షిణానికి పోతుంది, మీరు పోవాల్సింది ఉత్తరానికి. కాలువకు రెండు గట్లూ దగ్గరగా ఉంటాయి, గోదావరికి అవతలి గట్టు ఒక సన్నని పచ్చగీత. సందేహం వస్తే సూర్యుణ్ని చూడండి. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు దాటాక చలికాలపు ఎండ మీ వీపు మీద, ఎడమ భుజం మీద పడుతుంటే సరైన దారిలో ఉన్నట్టు. ముఖాన కొడుతుంటే వెనక్కి తిరగండి.

ఇక్కడి నుంచి కొవ్వూరు సుమారు ఎనిమిది కిలోమీటర్లు. ఈ గట్టు తూర్పు గట్టులాంటిది కాదు. జనం తక్కువ, పొలాలు ఎక్కువ. అరటి, కూరగాయల మడులు, ఎండబెట్టిన వలలు, గట్టు మీద పిడకలు. దూరం అడిగితే ‘ఎంతో లేదు బాబూ, ఆ మలుపు తిరిగితే వచ్చేస్తుంది’ అంటారు. వారికి అది నిజంగానే దగ్గర. రోజూ నడిచేవారు కదా. మీరు మాత్రం ‘నడిచి వెళితే ఎంతసేపు పడుతుందమ్మా?’ అని అడిగి, చెప్పిన సమయానికి సగం కలుపుకోండి. పొలం గట్లు తొక్కకండి, కాయ కోయకండి. ఆగి పలకరిస్తే వాళ్లే పిలిచి ఇస్తారు.

మూడున్నరకల్లా ఇంకా సగం గట్టు మిగిలి ఉంటే నడక అక్కడితో ఆపి, పక్క ఊళ్లోకి దిగి ఆటో ఎక్కండి. చలికాలంలో ఆరు దాటక ముందే చీకటి పడుతుంది, ఈ గట్టు మీద దీపాలు ఉంటాయని అనుకోవద్దు. పాముల సంచారం కూడా అప్పుడే.

అన్నీ కుదిరి నాలుగున్నర ప్రాంతంలో కొవ్వూరు గోష్పాద క్షేత్రం చేరారనుకోండి, మీరు చూడబోయేది రాజమహేంద్రవరంలో ఎన్నేళ్లున్నా కనిపించదు. అక్కడ ఉన్నవారు రోజూ సూర్యుడు కొవ్వూరు వెనక దిగడం చూస్తారు. ఇక్కడ సూర్యుడు మీ వెనక ఉంటాడు, ఆ వాలు వెలుగంతా ఆవలి ఒడ్డు మీద పడుతుంది. పొద్దున మీరు బయలుదేరిన మెట్లు, గుడి గోపురాలు, డాబాలు బంగారు రంగు తేలుతాయి. ఈ నడకను తూర్పు గట్టున మొదలుపెట్టమనడానికి నాకున్న రెండో కారణం ఈ అరగంట. గౌతముడి గోవు పాదం మోపిన చోటని క్షేత్రకథ చెబుతుంది. రేవులో దిగి కాళ్లు కడుక్కోండి. బొబ్బలు చిట్లి ఉంటే మాత్రం ఏటినీటిలో పెట్టకుండా సీసా నీళ్లతో కడిగి పట్టీ వేసుకోండి. ఓపిక ఉన్నవారు, సంస్కృతం మీద మమకారం ఉన్నవారు ఊళ్లో ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠాన్ని కూడా చూసి రావచ్చు. ఎందరో పండితులను తీర్చిదిద్దిన చోటు అది.

తిరుగు ప్రయాణానికి బస్సూ ఉంది, రైలూ ఉంది. నన్నడిగితే రైలే. అన్ని రైళ్లూ కొవ్వూరులో ఆగవు కాబట్టి ఆగే బండి వేళ ముందు రోజే చూసి కాగితం మీద రాసుకోండి. గోదావరి స్టేషన్‌లో దిగితే పుష్కర ఘాట్ దగ్గరే. బండి ఎక్కగానే కుడివైపు కిటికీ చూసుకుని కూర్చోండి. వంతెన మీద రైలు తూర్పుకు సాగుతున్నంతసేపూ మీరు రోజంతా చుట్టివచ్చిన నీరు ఆ కిటికీలోనే, మళ్లీ కుడిచేతి వైపే ఉంటుంది.